లక్ష్మీరాజం సరెండరైన ముచ్చట

ఆ రోజుల్లో సిరిసిల్ల మనిషి వారం వారం బస్సెక్కి జగిత్యాల పోయి వస్తున్నాడంటే ఊరు చూస్తూ ఊరుకునేది కాదు. బట్టల గిరాకీ కోసమా, గల్ఫ్ ఏజెంటు కోసమా, చుట్టాలింట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగేది. ఇవేవీ కావని తేలితే అడగడం మానేసి, గొంతు తగ్గించి తనలో తను మాట్లాడుకునేది. లక్ష్మీరాజం సంగతిలో ఊరు గొంతు తగ్గించి కొన్ని నెలలైంది.

తప్పంతా ఊరిదే అనడానికి లేదు. అడిగినవాళ్లకు అతను చెప్పే జవాబు అలాంటిది.

"ఆకాశంల మనలెక్క ఇంకెవలన్న ఉన్నరేమో ఎతుకుతున్న."

"దొరికిన్రా మరి?"

"ఇంకా లేదు" అని నవ్వేవాడు. ఉన్న అనుమానం ఆ నవ్వుతో ఇంకాస్త పెరిగేది.

లక్ష్మీరాజం తండ్రి చేనేత మగ్గం మీద బతికాడు. మగ్గం మూలపడ్డాక ఇంకొకరి సాంచాల మీద కూలికి పోయాడు. పవర్‌లూముకు సిరిసిల్లలో సాంచా అని పేరు. ఆ సాంచాల మోతలోనే దగ్గి దగ్గి పోయాడు కానీ, కొడుకును మాత్రం వాటి దగ్గరికి రానివ్వలేదు. పిల్లవాడికి పాడైన రేడియో ఒకటి దొరికితే చాలు, ప్రపంచం అక్కర్లేదు. ఒక స్టేషన్ దాటి ఇంకో స్టేషన్ రాకముందు గరగరమని ఒక శబ్దం వస్తుంది కదా, అక్కడ ముల్లు ఆపి చెవి ఆనించి కూర్చునేవాడట. తల్లి సత్యవ్వ ఇప్పటికీ చెబుతుంది: "పాటలు ఇను కొడుకా అంటే, పాటలు ఎవలు పాడిన్రో చెప్తరు గదవ్వా, గిది ఎవలు చేస్తున్నరో ఎవలూ చెప్పరు అనెటోడు."

పెద్దయ్యాక ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, టీవీలు బాగుచేసి, హైదరాబాద్ నుంచి పాత భాగాలు తెచ్చుకుని తన చేతులతో కంప్యూటర్ కట్టాడు. అది నడిచింది. ఇంకో రెండు కట్టాడు. ఇంటి ముందర గదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పడం మొదలుపెట్టాడు. కోరుట్ల నుంచి ఊర్మిలను పెండ్లి చేసుకున్నాడు. నీల పుట్టింది. ఇంతవరకు ఎవరికీ అర్థం కానిది ఏమీ లేదు.

చిక్కు జగిత్యాల నుంచి వచ్చింది. డిప్లొమా నాటి స్నేహితుడు ఖుర్షీద్ అక్కడ తన ఎస్టీడీ బూత్‌లోనే ఇంటర్నెట్ పెట్టాడు. దాని మీద లక్ష్మీరాజం ఒక సంగతి చదివాడు. ఎక్కడో సముద్రం మధ్య దీవిలో, కొండల నడుమ, చెరువంత వెడల్పు గిన్నెలాంటి యాంటెన్నా ఉంది. ఆకాశం నుంచి వచ్చే రేడియో గరగరనంతా అది రాసిపెడుతుంది. అందులో ఎవరైనా కావాలని పంపిన సంకేతం ఉందేమో వెతకడానికి అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం దగ్గర ఉన్న యంత్రాలు చాలవు. అందుకని ఆ గరగరను చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రపంచంలో ఎవరి కంప్యూటర్ ఖాళీగా ఉంటే వాళ్లకు పంపుతారు. ముక్క ఒక ఫ్లాపీలో పడుతుంది. లక్ష్మీరాజం జగిత్యాల పోయి ముక్క తెచ్చుకునేవాడు. ఇంట్లో కంప్యూటర్ దాన్ని రోజుల తరబడి, కరెంటు ఉన్నంతసేపూ జల్లెడ పట్టేది. ఫలితాన్ని మళ్లీ ఫ్లాపీలో పట్టుకుపోయి ఖుర్షీద్ దగ్గర పంపి, కొత్త ముక్క తెచ్చేవాడు.

ఊర్మిల భౌతికశాస్త్రంతో బీఎస్సీ చదివింది. భర్తను కూర్చోబెట్టి అడగవలసినవన్నీ అడిగింది.

"వాళ్లు నీకెందుకిస్తరు?"

"నాకే కాదు, అడిగినోళ్లందరికి ఇస్తరు."

"నువ్వెవలో వాళ్లకెట్ల తెలుసు?"

"తెల్వది. తెల్వకున్న నడుస్తది."

"తప్పు లెక్క పంపితే?"

"గందుకే ఒక్క ముక్కనే నలుగురికిస్తరు. సరిచూసుకుంటరు."

ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరకకపోవడమే ఆమెను కలవరపెట్టింది. అబద్ధం చెప్పేవాళ్ల మాట ఎక్కడో ఒకచోట అతకదు అని ఆమె నమ్మకం. ఈ మాట అన్నిచోట్లా అతికింది, సిరిసిల్లకు తప్ప. గోడకవతల సాంచాలు టకటకలాడుతుంటే, పాప తడిపిన బొంతలు తాడు మీద ఆరుతుంటే, తెర మీద ఎరుపూ పచ్చా ఊదా రంగుల్లో సూదిమొనల కొండలు లేస్తూ పడుతుంటే, ఇవి నక్షత్రాల మాటలని ఎట్లా అనుకోవాలి? ఆ తెర ముందు పాపను ఎత్తుకుని నిలబడితే ఏమైనా హాని జరుగుతుందేమో అని కూడా ఆమె భయపడేది. పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకునే మనిషి. ఇప్పుడు పాపకు తోడు పాప తండ్రిని కూడా కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది.

కనిపెట్టుకుని ఉండడానికి కారణం ఉంది. ఆ వాడకట్టులోనే లక్ష్మీరాజంతో కలిసి చదువుకున్న బాలకిషన్ ఉండేవాడు. "లోపలికి" పోయాడు. దళంలో కలిశాడని చెప్పడానికి అప్పట్లో ఆ ఒక్క మాటే చాలు. వాడి తల్లి శంకరవ్వ కొడుకుకు కబురంపి, బతిమాలి, పోలీసులకు అప్పజెప్పి బతికించుకుందామని కులపెద్దలతో మాట్లాడుతుండగానే ఎదురుకాల్పుల వార్త వచ్చింది. చావుకు వాడకట్టంతా పోయింది. ఆ రోజు శంకరవ్వ ఏడవలేదు. వచ్చినవాళ్లందరితో ఒకటే మాట అంది: "జర ముందుగాల పోకపోతిని."

సత్యవ్వ ఆ మాట విన్నది. మరిచిపోలేదు.

ఒకరోజు పక్కింటి నాగవ్వ మల్లెపూలు ఇచ్చే నెపంతో వచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఊర్మిలా, మొన్న బస్సుల ఏమైందో చెప్పిండా మీ ఆయన?"

"ఏమైందక్కా?"

"నేను గూడ అదే బస్సుల ఉంటి. మల్యాల కాడ పోలీసోళ్లు ఆపిన్రు. అందరి సంచులు జూసిన్రు. మీ ఆయన సంచిల నల్లబిళ్లలు దొరికినయ్. గివేంది అంటే, ఆకాశంలకెళ్లి వచ్చిన సిగ్నళ్లు సార్ అన్నడు. బస్సంత గప్‌చుప్. దళం కొరియర్లను గట్లనే పట్టుకుంటరట గదనే."

"మరి ఇడిచిపెట్టిన్రా?"

"పేరు రాసుకొని ఇడిచిన్రు. పేరు రాసుకొన్నరంటే ఇడిచినట్లా పట్టినట్లా, నువ్వే చెప్పు."

అతను వచ్చాక ఊర్మిల అడిగింది. "పాపకు పాలిస్తున్నవ్, నీకు గిసొంటియి చెప్పొద్దనుకున్న" అన్నాడు. అది నిజమే కావచ్చు. దాచడానికి అంతకంటే మంచి సాకూ లేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, పిల్లలు రాకముందు, ఎన్నడూ చూడని పడుచువాడొకడు ముందర గదిలోకి వచ్చాడు. చెప్పులకు ఎర్రమట్టి. కంప్యూటర్ నేర్చుకుంటానని అనలేదు. తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపలి గడప దగ్గర పాపను ఎత్తుకుని ఊర్మిల వింటోంది.

"అన్నా, ఇండ్ల రేడియో సిగ్నళ్లు పడుతయంట గద?"

"పడవు తమ్మీ. వేరేకాడ పడ్డయి నేను తెచ్చుకుంట."

"పోలీసోళ్ల వైర్‌లెస్ సెట్ల మాట్లాడేది పడుతదా?"

"పడది."

"పడేటట్టు చేస్తవా?"

"నాకు రాదు."

పడుచువాడు నవ్వి, "మస్తు పనులు వస్తయన్నరు నీకు" అని వెళ్లిపోయాడు.

"ఎవలయ్యా వాడు?" అంది ఊర్మిల.

"తెల్వది."

"తెల్వనోడు ఇంట్లకొచ్చి గిట్లడుగుతడా?"

"అడిగిండు గద. రాదన్న. పోయిండు."

మనిషి కళ్లలోకి చూస్తే నిజమో అబద్ధమో తెలుస్తుందంటారు. ఊర్మిల చాలాసేపు చూసింది. ఏమీ తెలియలేదు. అతను మాత్రం ఆమె భుజం మీదుగా తెర వైపు చూశాడు, ముక్క ఎంతవరకు వచ్చిందో అని. ఈ మనిషి నిజంగా నక్షత్రాలనే వెతుకుతున్నాడా, లేక నక్షత్రాల పేరుతో ఇంకేదో మోస్తున్నాడా? ఇంకేదో అయితే, పాపకు నడక రాకముందే ఆ వాకిట్లో చావు టెంటు వేస్తారా?

ఆమె అత్తతో చెప్పేసింది. నాగవ్వ చెప్పినదీ, పడుచువాడు అడిగినదీ, రెండూ. చెబుతున్నప్పుడు తన గుండె బరువు దించుకుంటున్నానని మాత్రమే అనుకుంది. సత్యవ్వ అంతా విని, చీర చెంగు నడుముకు దోపుకుంది.

"పోదాం పా."

"ఎక్కడికి అత్తమ్మా?"

"స్టేషన్‌కు. వాళ్లొచ్చి పట్టుకపోతే ఎన్‌కౌంటరు. మనం తీస్కపోతే సరెండరు. శంకరవ్వ లెక్క నేను ఆగ."

"నిజమో కాదో తెల్వకుండనే..."

"నిజమైతే బతుకుతడు. కాకపోతే ఇంకా మంచిగనే బతుకుతడు. ఇండ్ల పోయేదేమున్నది?"

ఊర్మిలకు ఆ తర్కంలో ఎక్కడో లోపం ఉందనిపించింది. ఎక్కడో చెప్పలేకపోయింది. ఆపవలసింది. ఆపలేదు.

తెల్లారి పొద్దెక్కాక కులపెద్ద కిష్టయ్య ముందు నడిచాడు. అదొక పద్ధతి. లొంగిపోయే మనిషికి ముందు పెద్దమనిషి, పక్కన తల్లి, వెనుక పెళ్లాం పిల్లలు ఉండాలి. అప్పుడు పోలీసులకు కూడా చేయి చేసుకోవడానికి మొహమాటంగా ఉంటుందని నమ్మకం. లక్ష్మీరాజానికి ఎవరూ సంగతి చెప్పలేదు. స్టేషన్‌లో కొత్త కంప్యూటర్ పాడైంది, ఉన్న ఫ్లాపీలన్నీ పట్టుకుని రమ్మన్నారని చెప్పారు. అతను ఉత్సాహంగా, స్క్రూడ్రైవర్ కూడా జేబులో వేసుకుని వచ్చాడు.

ఎస్సై నడివయసు మనిషి, టీ తాగుతున్నాడు. కిష్టయ్య దండం పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, మా కులపోని పిల్లగాడు. తప్పు తెలుసుకున్నడు. జనజీవన స్రవంతిల కలుస్తనంటున్నడు."

లక్ష్మీరాజం చుట్టూ చూశాడు, ఎవరి గురించి అంటున్నారా అని.

ఎస్సై కప్పు కింద పెట్టాడు. "ఏ దళం?"

"ఏంది సార్?" అన్నాడు లక్ష్మీరాజం.

"ఏ దళంల పనిచేసినవ్?"

"నేను ఎందుల పనిచేయలే సార్. కంప్యూటర్ ఖరాబైందంటే వచ్చిన."

సత్యవ్వ ముందుకు దూకింది. "సారూ, భయపడుతున్నడు. రాసుకోండ్రి సారూ, సరెండరైండని రాసుకోండ్రి. మీ కాల్మొక్త."

"అవ్వా! నేనెందుకు సరెండర్ గావాలె?"

"ఊకో కొడుకా. అయిత అను. బతుకుతవ్."

"అరే, ఆగుండ్రి" అన్నాడు ఎస్సై. "సరెండరైతే ఏదో ఒకటి అప్పజెప్పాలె. తుపాకీ తెచ్చినవా?"

"లేదు సార్."

"మరేం తెచ్చినవ్?"

లక్ష్మీరాజం చేతిలో ఉన్నది చూపించాడు. మూడు ఫ్లాపీలు, ఒక స్క్రూడ్రైవర్.

గదిలో ఒక కానిస్టేబుల్ ఫక్కున నవ్వి, ఎస్సై ముఖం చూసి నవ్వు మింగాడు. స్టేషన్‌లో నిజంగానే కొత్త కంప్యూటర్ ఉంది, పూల గుడ్డ కప్పి. గుడ్డ తీయించారు. దాన్ని ఎలా ఆన్ చేయాలో చివరికి లక్ష్మీరాజమే చూపించాడు. ఫ్లాపీ తెరిస్తే తెరనిండా గజిబిజి అక్షరాలు, గుర్తులు, ఏ భాషా కానివి, కిందికి కిందికి పోతూనే ఉన్నాయి.

"కోడ్" అన్నాడు కానిస్టేబుల్ మెల్లగా.

"ఇండ్ల ఏమున్నది?" అన్నాడు ఎస్సై.

"గరగర సార్."

"అంటే?"

"ఆకాశంల మోత. దాంట్ల ఎవలన్న మాట్లాడుతున్నరేమో అని చూసుడు."

"ఎవలన్న మాట్లాడిన్రా?"

"ఇప్పటిదాక లేదు సార్."

"ఏం లేదని తెలిసి గూడ ఎతుకుతున్నవ్?"

"లేదని తెల్వది సార్. ఉన్నదని గూడ తెల్వది. గందుకే ఎతుకుడు."

ఎస్సై కణతలు నొక్కుకున్నాడు. మల్యాల దగ్గర రాసుకున్న పేరు ఆయన దాకా వచ్చినట్టే ఉంది. ఒక కాగితం తిరగేసి, గోడకానుకుని నిలబడ్డ ఊర్మిలను చూశాడు.

"నువ్వు చదువుకున్నవా అమ్మా?"

"బీఎస్సీ సార్. ఫిజిక్స్."

"గట్లయితే నువ్వు చెప్పు. నీ మొగడు చెప్పేది నిజమా? ఆలోచించి చెప్పు. నీ మాట మీదికెళ్లే రాస్త."

నిజం చెప్పాలంటే ఊర్మిలకు తెలియదు. ఆ మాట అంటే అతను లాకప్‌లోనే ఉంటాడు. అత్త కళ్లు ఒకటి చెప్పమంటున్నాయి, భర్త కళ్లు ఇంకొకటి అడుగుతున్నాయి. చంకలో పాప ఎస్సై బల్ల మీది టోపీ కోసం చేయి చాస్తోంది. ఊర్మిల తెలిసినంతవరకు చెప్పడం మొదలుపెట్టింది. నక్షత్రాల నుంచి వెలుతురే కాదు, రేడియో తరంగాలు కూడా వస్తాయి సార్. వాటిని పెద్ద యాంటెన్నాతో పట్టవచ్చు. మామూలు మోత అన్ని మీటర్ల మీదా పరుచుకుని ఉంటుంది, ఎవరన్నా కావాలని పంపితే మన ఆకాశవాణిలాగా ఒక్క మీటరు మీదే సన్నగా వస్తుంది. ఆ తేడా లెక్క కట్టడం పెద్ద పని. ప్రయోగశాల పరీక్షలో లెక్చరర్ ముందు నిలబడినట్టు నిలబడి చెప్పింది.

"అయితే నిజమే అంటవ్."

"చేయొచ్చు సార్. అట్ల చేయొచ్చు."

చేయవచ్చునని చెప్పింది. చేస్తున్నాడని చెప్పలేదు. ఆ తేడా ఎస్సై పట్టుకున్నాడో లేదో తెలియదు. చాలాసేపు ముగ్గురినీ మార్చి మార్చి చూసి, కిష్టయ్యతో అన్నాడు.

"పెద్దమనిషీ, ఇంకోపారి మనిషిని తెచ్చేటప్పుడు ఏం చేసిండో తెలుసుకొని తే. ఏం చేయనోణ్ణి సరెండర్ చేస్తే నేనేం రాసుకోవాలె? బిళ్లలు ఇక్కడుంటయి. పైకి పంపి చూపిస్త. పోండ్రి."

బయట ఆటో ఎక్కారు. కిష్టయ్య డ్రైవర్ పక్కన కూర్చుని, ఈ పరువు తక్కువ పనిలోకి తనను ఎవరు దింపారా అని ఆలోచిస్తున్నాడు. సత్యవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. లక్ష్మీరాజం మాత్రం ఆటో కమ్మీ పట్టుకుని వెనక్కి, స్టేషన్ వైపే చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఏం చూస్తున్నవ్?"

"రెండు ఫ్లాపీలు చేసినయే ఊర్మిలా. ఒకటి ఇంకా సగమే అయ్యింది. ఇంట్ల గూడ లేదు అది, నిన్ననే ఆ ఫ్లాపీలకు మార్చిన."

"అయితే?"

"అండ్ల ఉంటే?"

"ఏముంటే?"

"ఎవలన్న మాట్లాడింది ఉంటే. వాళ్లు పైకి పంపుతరు, అక్కడ ఎవలో చెరిపేస్తరు."

"ఒక్క ముక్కనే నలుగురికిస్తరంటివి గదా?"

"ఇస్తరు... ఇస్తరు గాని..." అని ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగినట్టున్నాయి.

ఊర్మిలకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తల్లి అతన్ని పోలీసులకు అప్పజెప్పింది. భార్య చెప్పకుండా తోడు వచ్చింది. ప్రాణం అంచుదాకా పోయి వచ్చింది. ఈ మనిషికి ఇవేవీ అక్కర్లేదు. సగం జల్లెడ పట్టిన గరగర కావాలి. దొంగ మాట మోసేవాడు ఇట్లా ఏడవడు. ఇంతకాలం అతను చెప్పిందంతా అక్షరాలా నిజమే. ఆ సంగతి తెలిశాక ఒక్క క్షణం హాయిగా ఉంది. మరుక్షణమే, ఇంత నిజం చెప్పే మనిషిని ఈ ఊళ్లో ఎట్లా కాపాడుకోవాలో తెలియక మళ్లీ భయం వేసింది.

ఇంటి ముందు నాగవ్వ సిద్ధంగా ఉంది. ఇంకో నలుగురు ఆడవాళ్లు కూడా.

"ఏమైందే సత్యవ్వా?"

"ఏమైతది? సరెండరైండు నా కొడుకు" అంది సత్యవ్వ గట్టిగా, వాడకట్టు చివరిదాకా వినబడేటట్టు.

"కాలేదవ్వా" అన్నాడు లక్ష్మీరాజం.

"అయిండు."

"నేనేం చేయలేదని వాళ్లే పంపిన్రు గదా!" అని విసుక్కుని లోపలికి పోయాడు.

నాగవ్వ ఊర్మిల వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. అయిండా, కాలేదా?"

అయ్యాడంటే ఆ మాట సాయంత్రానికి చెప్పులకు ఎర్రమట్టి అంటిన వాళ్లకు చేరుతుంది. లొంగిపోయినవాళ్లను వాళ్లు ఊరికే వదలరు. కాలేదంటే, ఇంకా లోపలివాడే అని స్టేషన్‌కు చేరుతుంది. ఊర్మిల పాపను ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది. ఇంకేం చెప్పాలో తోచక ఉన్నదే చెప్పింది.

"అక్కా, ఆయన ఎవల తరఫున లేడు. నిజంగనే ఆకాశంలకెళ్లి ఎవలన్న మాట్లాడుతరేమో అని ఇంటడు. గంతే. పొద్దస్తమానం అదే పని."

నాగవ్వ ముఖంలో అనుమానం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది. దగ్గరికి వచ్చి ఊర్మిల చేయి పట్టుకుంది.

"అయ్యో నా తల్లీ. ఎప్పటిసంది?"

"ఏంది?"

"గీ మాటలు ఇనబడుడు. ఎప్పటిసంది?"

ఊర్మిలకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"గందుకేనా వారం వారం జగిత్యాల బస్సెక్కుడు! దారిల ఉన్న కొండగట్టుకు పోతున్నడు గదా? ముందే చెప్పరాదె పిల్లా. మా ఆడిబిడ్డ కొడుకు గూడ గిట్లనే గోడలతోటి మాట్లాడెటోడు. అంజన్న గుడి కాడ కొన్నొద్దులు పండుకుంటే నయమైంది. మేమేమో కొరియరనుకుంటిమి. పాపం!"

మిగతా ఆడవాళ్లు కూడా "పాపం" అన్నారు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోవడం ఊర్మిల కళ్లారా చూసింది. పిచ్చివాడి జోలికి పోలీసులు రారు. దళం అన్నలూ రారు. కంప్యూటర్ నేర్చుకునే పిల్లలు కూడా రాకపోవచ్చు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని తూచే తీరిక ఆమెకు లేదు. నాగవ్వ జవాబు కోసం చూస్తోంది.

"అవునక్కా" అంది. "పెండ్లికి ముందటి నుంచే ఉన్నదట."

లోపలికి వస్తే అతను కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కరెంటు లేదు. తెర నల్లగా ఉంది. గుమ్మంలో అన్న ప్రతి మాటా ఆ గదిలోకి వినబడుతుంది.

"పిచ్చోడనుకుంటున్నవా నన్ను?" అన్నాడు.

"లేదు."

"మరెందుకన్నవ్?"

చెప్పబోయింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. అత్తతో చెప్పిన దగ్గర్నుంచా, స్టేషన్‌లో "చేయొచ్చు" అన్న దగ్గర్నుంచా, ఆటో నుంచా? పాప జారిపోతుంటే పైకి ఎత్తుకుంది. పక్క వీధిలో జనరేటర్ మీద ఎవరివో నాలుగు సాంచాలు మొదలయ్యాయి.

"వచ్చే వారం నేను గూడ వస్త జగిత్యాలకు" అంది చివరికి.

అతను తల ఎత్తి ఆమె ముఖాన్ని చూశాడు. నమ్మి వస్తానంటోందా, కనిపెట్టుకుని ఉండడానికి వస్తానంటోందా, నాగవ్వ చెప్పినట్టు కొండగట్టు దగ్గర దింపడానికి వస్తానంటోందా, అతనికి తేలినట్టు లేదు. ఊర్మిలకు కూడా పూర్తిగా తేలలేదు.